నిత్యజీవిత సమస్యలు – విశ్వవిద్యాలయాల డిజిటల్ ప్రాజెక్టులు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• డిజిటల్ నవకల్పన అంటే ఏమిటో, విశ్వవిద్యాలయాలు దానికి ఏయే రూపాల్లో సాయం చేస్తాయో వివరించగలుగుతారు.
• 'ఈ-సాగు' ప్రాజెక్టు పనిచేసిన తీరును దశలవారీగా చెప్పగలుగుతారు.
• ఒక డిజిటల్ ప్రాజెక్టు నిలబడుతుందా, లేదా అన్నది అంచనా వేయడానికి నాలుగు ప్రశ్నలను ఉపయోగించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని ఒక సమస్యకు ఆ ప్రశ్నలను అన్వయించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నవంబరు నెలలో గోదావరిఖనిలోని ఒక బ్యాంకు ముందు కొందరు వృద్ధులు కూర్చుని ఉన్నారని ఊహించుకోండి. వారిలో కొందరు ఒకప్పుడు బాయిలో దిగి పనిచేసినవారు. మరికొందరు అలాంటి కార్మికుల భార్యలు. పింఛను ఆగకుండా రావాలంటే తాము బతికే ఉన్నామని ఏటా ఒకసారి రుజువు చూపాలి. ఇదే లైఫ్ సర్టిఫికెట్.

ఈ ఇబ్బందిని తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరు 10న 'జీవన్ ప్రమాణ్' అనే డిజిటల్ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆధార్ ఆధారంగా వేలిముద్ర గానీ, కనుపాప గానీ సరిపోలితే సర్టిఫికెట్ తయారవుతుంది. కార్యాలయం దాకా వెళ్లవలసిన పని లేదు. కాని తట్టా, చెమ్మస్ పట్టి ఏళ్ల తరబడి టబ్బులు నింపిన చేతుల మీద వేలిగీతలు అరిగిపోయి ఉంటే యంత్రం ఆ మనిషిని గుర్తుపట్టదు. 2021 నవంబరులో ముఖాన్ని చూసి గుర్తించే పద్ధతి కూడా వచ్చింది. దానితో వేలిముద్రల చిక్కు తీరింది. అయితే దానికి స్మార్ట్‌ఫోన్ కావాలి, దాన్ని సరిగ్గా పట్టుకుని, తెరమీద వచ్చే సూచనలు చదివి చెప్పే మనిషి కావాలి.

ఇక్కడ సాంకేతిక విజ్ఞానం తన పని తాను చేసింది. అయినా ఆ వృద్ధురాలికీ, ఆ పద్ధతికీ మధ్య కొంత దూరం మిగిలిపోయింది. ఆ దూరాన్ని ఎవరు పూడుస్తారు? ఆ మనిషికి జీతం ఎవరిస్తారు? ఎన్నాళ్లు ఇస్తారు? విశ్వవిద్యాలయాలు చేపట్టే డిజిటల్ ప్రాజెక్టుల గెలుపోటములు చాలావరకు ఈ ప్రశ్నల మీదనే ఆధారపడి ఉంటాయి. ఈ భాగంలో మనం ముఖ్యంగా తెలుసుకోబోయే విషయం ఇదే.

2. డిజిటల్ నవకల్పన – విశ్వవిద్యాలయం పాత్ర

ఇంతకుముందు ఎవరూ చేయని పనిని చేయడాన్ని, లేదా పాత పనినే కొత్త పద్ధతిలో మరింత తేలికగా, చౌకగా చేయడాన్ని నవకల్పన అంటారు. ఆ పద్ధతిలో కంప్యూటరు, ఫోను, ఇంటర్నెట్, సెన్సర్ల వంటివి కీలకమైతే అది డిజిటల్ నవకల్పన అవుతుంది. కొత్త యంత్రాన్ని తయారు చేయడం ఒక్కటే నవకల్పన కాదని గుర్తుంచుకోండి. ఉన్న పరికరాలనే కొత్త వరుసలో అమర్చడం కూడా నవకల్పనే.

వ్యాపార సంస్థ ఒక వస్తువును తయారు చేసే ముందు లాభం వస్తుందా అని చూస్తుంది. పేద రైతు, కాంట్రాక్టు కార్మికుడు, వితంతు పింఛనుదారు వంటి వారి సమస్యలలో లాభం వెంటనే కనిపించదు. అందువల్ల అలాంటి సమస్యల వైపు మొదటి అడుగు వేసే బాధ్యత విశ్వవిద్యాలయాల మీద పడుతుంది. వాటికి మూడు రకాల వనరులు ఉంటాయి.

మొదటిది సొంత వనరులు. తొలి ప్రయోగానికి విశ్వవిద్యాలయం ఇచ్చే చిన్న మొత్తాన్ని సీడ్ గ్రాంటు అంటారు. అధ్యాపకుల సమయం, ప్రయోగశాల, విద్యార్థుల శ్రమ కూడా ఈ వనరులలోకే వస్తాయి. రెండవది ప్రభుత్వ నిధులు. ఉదాహరణకు ఉగాండా ప్రభుత్వం అక్కడి మకెరెరె విశ్వవిద్యాలయంలో పరిశోధన, నవకల్పనల కోసం 2019 నుంచి ప్రత్యేక నిధిని సమకూర్చింది. మూడవది కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి.

ఈ మూడింటిలో ఏది దొరికినా అది సాధారణంగా కొంత కాలానికే దొరుకుతుంది. గ్రాంటుకు గడువు ఉంటుంది, సమస్యకు ఉండదు. ఈ తేడాను మనసులో పెట్టుకుని కింది ఉదాహరణను చదవండి.

3. ఒక ఉదాహరణ: ఈ-సాగు

3.1 సమస్య

గోదావరిఖని నుంచి మంథని వైపు వెళితే గనులతో పాటు పత్తి చేలు కూడా కనిపిస్తాయి. బొగ్గు గనుల ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు ఒక కాలు గనిలో, ఒక కాలు చేనులో ఉంటుంది. కనుక పత్తి రైతు సమస్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పంటను పురుగు దెబ్బతీసింది. అప్పులు తెచ్చి మందుల మీద మందులు కొట్టినా పంట దక్కలేదు. అనేకమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ విషాదానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి సరైన సలహా సరైన సమయానికి అందకపోవడం. ఒక్కో వ్యవసాయాధికారి పరిధిలో ఎన్నో గ్రామాలు ఉండేవి. ఆయన ప్రతి చేనుకూ రాలేడు. పురుగు మందుల దుకాణదారే రైతుకు సలహాదారు కూడా అయ్యాడు. మందు అమ్మేవాడు మందు వద్దని చెప్పడం అరుదు.

3.2 పనిచేసిన తీరు

హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ 1998లో ఏర్పడింది. అక్కడి ఆచార్యుడు పి. కృష్ణారెడ్డి బృందం ఈ సమస్యను తీసుకుని, కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన మీడియా ల్యాబ్ ఏషియా సహకారంతో 2004 ఖరీఫ్‌లో 'ఈ-సాగు'ను ప్రారంభించింది. వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలోని ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ గ్రామాలలో 1,051 పత్తి చేలను ఎంచుకున్నారు.

రైతు నిపుణుడి దగ్గరకు రాలేడు. నిపుణుడు ప్రతి చేనుకూ పోలేడు. మరి చేనునే నిపుణుడి దగ్గరకు పంపితే ఎలా ఉంటుంది? ఈ-సాగుకు మూలమైన ఆలోచన ఇదే. అది ఇలా అమలైంది:

(అ) ప్రతి గ్రామంలో కొంత చదువుకున్న, సేద్యం తెలిసిన స్థానికులను సమన్వయకర్తలుగా నియమించారు. ఒక్కొక్కరికి నిర్ణీత సంఖ్యలో చేలను అప్పగించారు.

(ఆ) సమన్వయకర్త వంతుల ప్రకారం ప్రతి చేనుకూ వెళ్లి ఆకులు, కాయలు, పురుగుల ఫొటోలు డిజిటల్ కెమెరాతో తీసి, పంట పరిస్థితిని నమోదు చేసేవాడు.

(ఇ) ఆ ఫొటోలను సీడీలలోకి ఎక్కించి కొరియరు ద్వారా హైదరాబాదు పంపేవారు.

(ఈ) అక్కడ వ్యవసాయ నిపుణులు ఆ ఫొటోలతో పాటు ఆ చేను పూర్వ సమాచారాన్ని కూడా కంప్యూటరులో చూసేవారు. ఏ రకం విత్తనం వేశారు, ఎప్పుడు వేశారు, ఇదివరకు ఏ మందు కొట్టారు అన్న వివరాలన్నీ అక్కడ ఉండేవి. వాటిని బట్టి ఆ ఒక్క చేనుకు పనికివచ్చే సలహా రాసేవారు.

(ఉ) గ్రామ కేంద్రంలో ఆ సలహాను టెలిఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్ ద్వారా దింపుకునేవారు. సమన్వయకర్త దాన్ని రైతు ఇంటికి తీసుకువెళ్లి వివరించేవాడు. ఇదంతా 24 నుంచి 36 గంటల్లో జరిగేలా ఏర్పాటు చేశారు.

మూడవ దశను మరొకసారి గమనించండి. డిజిటల్ ప్రాజెక్టులో కొరియరు ఎందుకు వచ్చింది? 2004లో పల్లెల్లోని ఇంటర్నెట్ వందల ఫొటోల బరువును మోయలేదు. సలహా మాత్రం కొన్ని అక్షరాలే కనుక అదే ఫోను లైను మీద తేలికగా వచ్చేది. బరువైనది రోడ్డు మీద పోయింది, తేలికైనది తీగ మీద వచ్చింది. వేగవంతమైన ఇంటర్నెట్ వచ్చేదాకా ఆగుదాం అని ఆ బృందం అనుకుని ఉంటే ఆ ఖరీఫ్ రైతుకు అందేది శూన్యం. ఉన్నదానితో మొదలుపెట్టడం నవకల్పనలో భాగమే.

మరొక విశేషం ఉంది. రైతు అడిగితేనే సలహా ఇవ్వడం వేరు, అడగకపోయినా విత్తిన నాటి నుంచి కోత దాకా క్రమం తప్పక సలహా ఇవ్వడం వేరు. ఈ-సాగు రెండవ పద్ధతిని ఎంచుకుంది. ఎందుకంటే ఆకు అడుగున పురుగు గుడ్లు పెట్టిన సంగతి రైతుకు తెలిసి అతను అడిగేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

3.3 ఫలితాలు

మొదటి సీజను తరువాత ప్రాజెక్టు బృందం ప్రకటించిన అంకెల ప్రకారం ఎకరానికి రైతుకు కలిగిన మొత్తం మేలు 3,820 రూపాయలు. అందులో ఎరువు 0.76 బస్తా తగ్గడం వల్ల 216 రూపాయలు, మందు పిచికారీలు 2.3 సార్లు తగ్గడం వల్ల 1,105 రూపాయలు, దిగుబడి 1.56 క్వింటాళ్లు పెరగడం వల్ల 2,499 రూపాయలు వచ్చాయి.

ఈ అంకెలను ఎలా చదవాలి? మేలులో దాదాపు మూడింట రెండు వంతులు పెరిగిన దిగుబడి నుంచి వచ్చాయి. కాని దిగుబడి విలువ మార్కెట్ ధరతో పాటు మారుతుంది. ఎరువు, మందుల మీద ఆదా అయిన సుమారు 1,321 రూపాయలు అలాంటివి కావు. ఆ మొత్తం రైతు అప్పు తేకుండా మిగిలిన సొమ్ము. అప్పే ప్రాణం మీదికి తెచ్చిన చోట ఆ చిన్న అంకెకు విలువ ఎక్కువ. దానితో పాటు ఒక జాగ్రత్త కూడా అవసరం. ఇవి ఒక పంటకు, ఒక సీజనుకు సంబంధించిన లెక్కలు. ఏ ప్రాజెక్టు ఫలితాలు చదివినా 'ఎన్ని సీజన్లు చూశారు? లెక్క వేసింది ఎవరు?' అని అడగడం అలవాటు చేసుకోండి.

3.4 తరువాతి దశలు

ఈ-సాగును తరువాత మరికొన్ని పంటలకు, గ్రామాలకు విస్తరించారు. చాలా ఏళ్ల తరువాత అదే ట్రిపుల్ ఐటీ, రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఐఐటీ బొంబాయి, జపాన్‌లోని టోక్యో విశ్వవిద్యాలయం కలిసి చేసిన పరిశోధన నుంచి 'క్రాప్ దర్పణ్' అనే ఫోన్ సాధనం వచ్చింది. ఇందులో రైతు పంటలో కనిపించే లక్షణాల గురించిన ప్రశ్నలకు తెలుగులోనే జవాబిస్తూ పోతే తెగులు ఏదో తేలుతుంది.

సమన్వయకర్త, కొరియరు, నిపుణుడు అనే మూడు మెట్లు ఈ పద్ధతిలో ఒకే ఫోనులోకి వచ్చాయి. ఖర్చు బాగా తగ్గింది. కాని ఇంటికి వచ్చి చెప్పే మనిషి పోయాడు. ఏ పద్ధతి మేలు? దీనికి ఒకే జవాబు లేదు. చదవడం, ఫోను వాడటం వచ్చిన రైతుకు రెండవది చాలు. రానివారికి మొదటిదే కావాలి.

ప్రగతి సమీక్ష – 1
1. ఈ-సాగులో ఫొటోలను కొరియరు ద్వారా, సలహాలను ఫోను లైను ద్వారా పంపడానికి కారణం ఏమిటి?
2. సమన్వయకర్తగా స్థానికుడినే ఎందుకు నియమించారు? మీ మాటల్లో రాయండి.

4. పరికరం ముందా, సమస్య ముందా?

ఇప్పుడు దీనికి భిన్నమైన ఒక ప్రయత్నాన్ని చూద్దాం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్యులు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి చెందిన ఇంజనీర్లు కలిసి 'సింప్యూటర్' అనే చిన్న కంప్యూటరును రూపొందించారు. దీని కోసం 1999లో ఒక ట్రస్టు ఏర్పడింది. అరచేతిలో ఇమిడే ఈ పరికరం భారతీయ భాషలలో మాట్లాడగలదు. ప్రతివారూ కొనలేరు కనుక, ఊరంతా ఒకదాన్నే వాడుకుంటూ ఎవరి వివరాలు వారు స్మార్ట్ కార్డులో దాచుకునే ఏర్పాటు చేశారు. ఆ కాలానికి ఇది చాలా ముందున్న ఆలోచన.

అయినా 2004లో మార్కెట్‌లోకి వచ్చాక సింప్యూటర్లు కొన్ని వేలు మాత్రమే అమ్ముడుపోయాయి. ధర పది వేల రూపాయల దగ్గర మొదలైంది. అప్పటికే మొబైల్ ఫోన్ల ధరలు దిగివస్తున్నాయి. పరికరం మంచిదే. కాని దానితో ఏ ఊళ్లో, ఎవరి ఏ పని, ఎవరి ద్వారా జరగాలి అన్న రెండవ సగం అంత గట్టిగా కుదరలేదు. అదే 2004లో ఈ-సాగు బజారులో దొరికే కెమెరాలు, సీడీలతోనే మొదలై రైతు ఇంటి దాకా చేరింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే సమస్య నుంచి పరికరం వైపు నడవడం ఎందుకు అవసరమో అర్థమవుతుంది.

5. గాలిని కొలిచిన మోటారు సైకిళ్లు

రామగుండం వాసులకు దుమ్ము గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఓపెన్ కాస్ట్ గనులు, బొగ్గు లారీలు, 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఉన్న ప్రాంతం ఇది. గాలిలోని 2.5 మైక్రాన్ల కన్నా చిన్న ధూళికణాలు ఊపిరితిత్తుల లోపలి దాకా పోతాయి. మన దేశ ప్రమాణాల ప్రకారం ఒక ఘనమీటరు గాలిలో ఇవి 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు మించకూడదు. కాని ఈ కొలత తీసే పూర్తిస్థాయి కేంద్రాలు ఖరీదైనవి కనుక ప్రతి బస్తీలోనూ పెట్టలేరు.

ఉగాండా రాజధాని కంపాలాలోనూ ఇదే చిక్కు. అక్కడి మకెరెరె విశ్వవిద్యాలయంలో 2015లో 'ఎయిర్‌క్యూ' అనే ప్రాజెక్టు మొదలైంది. ఆచార్యుడు ఇంజనీర్ బైనొముగిషా బృందం అక్కడి ఎండకూ, దుమ్ముకూ తట్టుకునే చౌకరకం సెన్సర్లను తయారు చేసి, కొన్నింటిని భవనాలకు, స్తంభాలకు బిగించింది. మరికొన్నింటిని ఊరంతా తిరిగే అద్దె మోటారు సైకిళ్లకు అమర్చింది. బండి తిరిగిన చోటల్లా గాలి కొలత నమోదవుతుంది. ఇక్కడ కూడా ఆ ఊళ్లో ఉన్న మనుషుల మీద, వారి రోజువారీ రాకపోకల మీద పద్ధతి నిలబడింది. చౌక సెన్సరు కొలత ఖరీదైన కేంద్రం కొలతంత కచ్చితంగా ఉండదు కనుక, రెండింటినీ అప్పుడప్పుడు పోల్చి సరిదిద్దడం తప్పనిసరి.

6. నాలుగు ప్రశ్నలు – బొగ్గు గనుల ప్రాంతానికి అన్వయం

పై ఉదాహరణల నుంచి నాలుగు ప్రశ్నలను రాబట్టవచ్చు. ఏ డిజిటల్ ప్రాజెక్టునైనా వీటితో పరీక్షించండి.

(1) సమస్య ఎవరిది? వారిని అడిగి తెలుసుకున్నామా?
(2) వారు ఉండే చోట పరికరం పనిచేస్తుందా?
(3) పరికరానికీ, వారికీ మధ్య నిలబడే మనిషి ఎవరు?
(4) నిధి అయిపోయాక ఖర్చు ఎవరు భరిస్తారు?

రెండవ ప్రశ్నకు ఈ ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ చూడండి. ఒక విద్యార్థి బృందం భూగర్భ గని కార్మికుడికి ప్రమాద హెచ్చరికలు పంపే ఫోన్ యాప్ తయారు చేసిందనుకుందాం. ఆలోచన ఎంతో మంచిది. కాని గనిలో మీథేన్ వాయువు ఉండే అవకాశం ఉంది కనుక నిప్పురవ్వ పుట్టించగల మామూలు ఫోనును లోపలికి తీసుకుపోనివ్వరు. తీసుకుపోయినా భూమి పొరల కింద సిగ్నలు అందదు. కార్మికుడు లోపల ఉంటే హెచ్చరిక అందుకోవలసిన ఫోను పైన ఉంటుంది. గనిలో పరికరం పెట్టాలంటే అది నిప్పురవ్వ పుట్టించనిదై, గనుల భద్రతా విభాగం అనుమతి పొందినదై ఉండాలి. ఈ సంగతి ఒక్క షిఫ్టు చేసిన కార్మికుడిని అడిగినా చెబుతాడు.

ఇప్పుడు లైఫ్ సర్టిఫికెట్ సమస్యకు తిరిగివద్దాం. మొదటి ప్రశ్నకు జవాబు మనకు తెలుసు: దిగిపోయిన కార్మికులు, వారి భార్యలు. పరికరం సిద్ధంగానే ఉంది, కొత్త యాప్ అక్కరలేదు. లేనిదల్లా మధ్య మనిషి. ప్రతి కాలనీకి ఆ కాలనీలోనే ఉండే ఒక సమన్వయకర్త ఉంటే, నవంబరులో ఇంటింటికీ వెళ్లి సర్టిఫికెట్ పూర్తి చేయవచ్చు. మిగిలిన నెలల్లో బ్యాంకు ఖాతా, ఆధార్, వైద్య కార్డులలో పేర్ల తేడాలు సరిచేయించడం వంటి పనులు చూడవచ్చు. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆధార్ సంఖ్య, ఓటీపీ ఇతరుల చేతిలో పెట్టడంలో ప్రమాదం ఉంది. అందువల్ల సమన్వయకర్త ఎవరి వివరాలూ తన దగ్గర రాసిపెట్టుకోకూడదు, పని వృద్ధుల ఎదుటే జరగాలి.

7. నిధి అయిపోయిన తరువాత

నాలుగవ ప్రశ్నకు జవాబు లెక్కతోనే చెప్పాలి. ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. సమన్వయకర్తకు నెలకు 9,000 రూపాయల గౌరవ వేతనం, ఇంటర్నెట్, ప్రయాణం, ఫోను ఖర్చులకు 3,000 రూపాయలు అనుకుందాం. మొత్తం 12,000. ఆ సమన్వయకర్త 600 కుటుంబాలను చూడగలిగితే ఒక్కో కుటుంబం వంతు నెలకు 20 రూపాయలు. 200 కుటుంబాలనే చూడగలిగితే 60 రూపాయలు. అంటే ప్రాజెక్టు భవిష్యత్తు ఒక మనిషి ఎన్ని ఇళ్లకు తిరగగలడు అన్న దాని మీద ఆధారపడి ఉంది.

ఈ మొత్తాన్ని కుటుంబాలే ఇవ్వవచ్చు. కంపెనీ సామాజిక బాధ్యత నిధి ఇవ్వవచ్చు. పురపాలక సంస్థ ఇవ్వవచ్చు. కొంత కొంతగా అందరూ పంచుకోవచ్చు. ఎవరు ఇచ్చినా ఆ మాట ప్రాజెక్టు మొదలయ్యే రోజునే తేలాలి. గ్రాంటు ముగిసే నెలలో ఆలోచిస్తే అప్పటికే ఆ సేవకు అలవాటుపడిన వృద్ధులు మళ్లీ బ్యాంకు మెట్ల మీదికే చేరతారు. ఆశ పెట్టి మధ్యలో వదిలేసిన ప్రాజెక్టు, అసలు మొదలుపెట్టని దానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. తరువాత వచ్చే మంచి ప్రయత్నాన్ని కూడా జనం నమ్మరు.

8. మీ పాత్ర

'ఇవన్నీ పెద్ద సంస్థల పనులు, మనకేం సంబంధం?' అని మీకు అనిపించవచ్చు. మన దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడినప్పటి నుంచి మీలాంటి లక్షలాది మంది పని చేసుకుంటూ, ఊళ్లోనే ఉంటూ చదువుకుంటున్నారు. హైదరాబాదు ప్రయోగశాలలో ఉన్నవారికి లేని ఒక సౌకర్యం మీకు ఉంది. సమస్య మీ వీధిలోనే ఉంది, ఆ మనుషులు మీకు పేరుపేరునా తెలుసు. ఈ-సాగులో సమన్వయకర్త చేసిన పనికి కావలసిన మొదటి అర్హత అదే.

సాంకేతిక సాయం కావాలంటే అది కూడా దూరం కాదు. సెంటినరీ కాలనీలోని జేఎన్‌టీయూ మంథని ఇంజనీరింగ్ కళాశాలలో మైనింగ్, కంప్యూటర్ సైన్స్ విభాగాలు రెండూ ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర ఇన్నొవేషన్ సెల్ 2019లో ప్రారంభించిన 'ఇంటింటా ఇన్నొవేటర్' కార్యక్రమం విద్యార్థులు, రైతులు, గృహిణులు అన్న తేడా లేకుండా అందరి ఆలోచనలనూ జిల్లా స్థాయిలో ప్రదర్శనకు ఆహ్వానించింది. అక్కడికి వెళ్లే ముందు యాప్ బొమ్మ గీయవలసిన పని లేదు. పదిమంది ఇళ్లకు వెళ్లి, వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకుని వెళ్లండి.

9. సారాంశం

డిజిటల్ నవకల్పన అంటే కొత్త పరికరం మాత్రమే కాదు, ఉన్న పరికరాలను కొత్తగా అమర్చడం కూడా. లాభం వెంటనే కనిపించని సమస్యలలో మొదటి అడుగు వేయడం విశ్వవిద్యాలయం చేయగల మేలు. ఈ-సాగు 2004లో కెమెరా, సీడీ, కొరియరు, స్థానిక సమన్వయకర్తలతో 1,051 పత్తి చేలకు నిపుణుల సలహాను చేర్చింది. సింప్యూటర్ మంచి పరికరమైనా విస్తృతంగా వాడుకలోకి రాలేదు. ఎయిర్‌క్యూ స్థానిక రాకపోకలనే కొలత సాధనంగా మలచుకుంది. సమస్య ఎవరిది, పరికరం అక్కడ పనిచేస్తుందా, మధ్య మనిషి ఎవరు, తరువాత ఖర్చు ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు ఉన్న ప్రాజెక్టుకే గ్రాంటు తరువాత కూడా బతికే అవకాశం ఉంటుంది.

నమూనా ప్రశ్నలు

1. ఈ-సాగు పనిచేసిన తీరును దశలవారీగా వివరించి, దాని ఫలితాలను సమీక్షించండి.
2. ఈ-సాగు, సింప్యూటర్ ప్రయత్నాలను నాలుగు ప్రశ్నల ఆధారంగా పోల్చండి.
3. 7వ విభాగంలోని లెక్కలో సమన్వయకర్త 400 కుటుంబాలను చూస్తే ఒక్కో కుటుంబం వంతు ఎంత? ఆ మొత్తాన్ని ఎవరు భరించాలని మీరు అనుకుంటున్నారు? కారణాలు రాయండి.
4. మీ వీధిలో లేదా కాలనీలో ఒక సమస్యను ఎంచుకుని, కనీసం ఐదుగురితో మాట్లాడి, నాలుగు ప్రశ్నలకు జవాబులతో రెండు పేజీల నివేదిక తయారు చేయండి. ఎవరి పేర్లు, ఆధార్ సంఖ్యలు అందులో రాయవద్దు.